తక్కెడలో వెల్టర్‌వెయిట్

పోయిన వారం మనం చిన్నమ్మలు టీ కొట్టు దగ్గర ఆగిపోయాం, ఫరూఖ్ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి ఆ మాట అనేసిన చోట. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం సంగతంతా రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు విసుక్కోకండి, మీరూ ఒకప్పుడు కొత్తవాళ్ళే.

మా అనకాపల్లిలో పరుపులు కుట్టే సుభాని మాస్టారికి బాక్సింగే లోకం. కొట్టు వెనకాల రేకుల షెడ్డులో, పరుపుల్లో మిగిలిన పాత దూది కుక్కి తన చేత్తో కుట్టిన సంచులు వేలాడదీసి, ఊళ్ళో పిల్లలకి గుద్దడం నేర్పుతాడు. అక్కణ్ణుంచి పైకొచ్చిన వాళ్ళు ఇద్దరు. ఒకడు ఆయన కన్నకొడుకు ఫరూఖ్. రెండోవాడు నానాజీ, నక్కపల్లి దగ్గర పల్లెలో చెరకు కోతకి పోయే కాసులమ్మ కొడుకు, కొన్నేళ్ళు మాస్టారి ఇంట్లోనే తింటూ ఆట నేర్చుకున్నవాడు. ఫరూఖ్ అరవై కిలోల లైట్‌వెయిట్‌లో ఆడతాడు. నానాజీ దాని పై మెట్టు, అరవై ఐదు కిలోల వెల్టర్‌వెయిట్. పోయిన ఏడాది రాష్ట్ర పోటీల్లో ఇద్దరూ నెగ్గారు. కానీ ఊరు ఊరంతా నానాజీ వెనక పడింది.

పడిందంటే ఊరికే పడిందా? నేను పడేశాను. నా పేరు త్రినాధరావు, మెయిన్‌రోడ్డులో ఫ్లెక్సీల షాపు నాది. ‘అరవై ఐదు కిలోల ఉక్కు, అనకాపల్లి హక్కు’ అని రైల్వే స్టేషన్ నుంచి బైపాస్ దాకా ఎక్కడ చూసినా నానాజీ పిడికిలి కనిపించేది నా పుణ్యమే. అది చూసి చూసి ఫరూఖ్‌కి కడుపు మండింది. టీ కొట్టు దగ్గర అందరిలో అనేశాడు కదా, నానాజీ పులీ కాదు, గిలీ కాదు, నా ఎడం చేతికి భయపడి నా బరువు వదిలేసి పైకి పారిపోయినవాడు అని. తులాభారం నాడు నలుగురిలో నిలదీస్తాను, కాదంటాడేమో చూద్దాం అని కూడా అన్నాడు.

ఆ తులాభారం రోజు వచ్చేసింది.

తులాభారం మొక్కు కాసులమ్మది. కొడుకు రాష్ట్రంలో గెలిస్తే వాడి ఎత్తు బెల్లం నూకాలమ్మకి ఇస్తానని మొక్కుకుంది. పాపం ఆవిడ గుట్టుచప్పుడు కాకుండా గుళ్ళో తీర్చేసుకుందామనుకుంది. నేను ఊరుకుంటానా? బెల్లం మా ఊరి పరువు, నానాజీ మా ఊరి పరువు, రెండూ ఒక తక్కెడలో పెట్టి తూచకపోతే ఫ్లెక్సీల షాపు పెట్టుకోవడం దేనికి? వ్యాపారస్తులతో మాట్లాడాను. మార్కెట్ యార్డుకి సెలవున్న పొద్దున చూసి షెడ్డులో ఏర్పాటు చేశాను. సందర్భం కూడా కలిసొచ్చింది. ఆదివారం విశాఖపట్నంలో జాతీయ పోటీలకి ఎంపికలు. ఒక్కో బరువులో ఒక్కడే వెళతాడు. మావాడు ఊరి దీవెనతో బయల్దేరాలి. అలాంటి ముందురోజుల్లో పారిపోయినవాడన్న పేరు పడిందంటే, వాడు రింగులోకి మనసు విరిగిపోయి దిగుతాడు. నాకు ఆ భయం లోపల పీకుతూనే ఉంది.

పొద్దున్నే జనం పోగయ్యారు. నానాజీ ఇంకా రాలేదు. పనీ పాటా లేని చోట మా వాళ్ళు ఊరుకోరు కదా, వాదన మొదలైంది. వాదనంతా ఒక్కటే: వీడికి ఇంత పేరు తగునా, తగదా?

తగునని గొంతు చించుకునేవాడు ఆటో నూకరాజు. ఆటో వెనక అద్దం మీద నానాజీ బొమ్మ వేయించుకున్న ఘనుడు. విశాఖలో నానాజీ ఆడిన ఆట ఒకటి ఫోన్‌లో పెట్టుకున్నాడు. అందులో ఎదుటివాడు గుద్దిన గుద్దులన్నీ గాల్లోకే పోతాయి, మావాడు ఉన్న చోటే ఉంటాడు, తల మాత్రం అక్కడ ఉండదు. రైల్వే గేటు పడితే చాలు, నూకరాజు వెనక్కి తిరిగి సవారీ వాళ్ళకి అది చూపిస్తాడు. ఆస్పత్రికి పోయేవాళ్ళకి కూడా చూపించాడని చెప్పుకుంటారు. ఆ కాళ్ళ కదలిక మన జిల్లాలో ఇంకెవరికైనా ఉందా అని ఆ పొద్దున కూడా ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాడు.

కాళ్ళు సరే, చేతి మాట ఏమిటి అన్నాడు ఫరూఖ్. ఎప్పుడొచ్చాడో, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాడికి బాక్సింగ్ తెలుసు, అదే చిక్కు. తెలియనివాడు వాగితే తుడిచేసుకుని పోవచ్చు. తెలిసినవాడు వాగితే వినాలి.

“మిగతా వెల్టర్లంతా అరవై ఐదుకి దిగడానికి తిండీ నీళ్ళూ మానీసి, ఒళ్ళు ఎండబెట్టుకుని వత్తారు,” అన్నాడు. “ఈడొక్కడే తూకం రోజు పొద్దున్న కారియరిప్పి కడుపు నిండా తింటాడు. మూడో రౌండుకి ఆళ్ళు నీరసపడిపోతారు, ఈడు పాయింట్లు ఏరుకుంటాడు. ఒక్కడినైనా కింద పడగొట్టేడేటి? సెప్పండి.”

నిజం చెప్పొద్దూ, జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నాకు అలవాటు. తూకం నాడు అందరూ గడగడలాడుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని భోంచేసేవాడికి ఎంత గుండె ఉండాలో ఆలోచించమన్నాను. అది గుండె కాదు, ఆకలి అన్నాడు ఫరూఖ్. కొందరు నవ్వారు. నవ్విన వాళ్ళలో పోయిన నెల నానాజీతో ఫోటో దిగి నా చేత ఫ్రేము కట్టించుకున్నవాడూ ఉన్నాడు. మనుషులంతే.

ఈలోగా తక్కెడ సిద్ధమైంది. ఇప్పుడు మార్కెట్లో అన్నీ కరెంటు కాటాలే గానీ, మొక్కు కోసం పాత తక్కెడ దింపించాను. ఇనప దండి, రెండు వైపులా గొలుసులకి చెక్క పళ్ళేలు, నడుమ ముల్లు. దాని దగ్గర నిలబడ్డది సత్తియ్య. మార్కెట్లో బెల్లం తూచే కొలగార్లలో పెద్దవాడు. ముందు మనిషిని కూర్చోబెట్టి ఆ తర్వాత బెల్లం పేర్చడం ఆచారం బాబూ అన్నాడు. నేను వినలేదు. పదమూడేసి కిలోల దిమ్మలు ఐదు ప్రత్యేకంగా పోయించాను, ఐదూ కలిపితే మా ఫ్లెక్సీ మీద ఉన్న లెక్క. వాటికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండలు వేసి పళ్ళెంలో పేర్చి ఉంచితే, మావాడు వచ్చి ఇటు కూర్చోగానే దండి సరిసమానంగా నిలబడాలి, వీడియో తీసేవాడు అది పట్టుకోవాలి. అదీ నా పథకం. వెల్టర్‌వెయిట్ అంటే అరవై ఐదు, నానాజీ వెల్టర్‌వెయిట్, కాబట్టి నానాజీ అరవై ఐదు. ఇందులో ఆచారం అడ్డెందుకు?

నానాజీ తల్లితో కలిసి బస్సు దిగి నడిచి వచ్చాడు. తెల్ల చొక్కా, తడి తల. ఎవరి వైపూ చూడలేదు, అందరికీ దణ్ణం పెట్టాడు. మాస్టారి కాళ్ళకి వంగాడు. ఫరూఖ్ కనిపిస్తే చిన్నగా నవ్వాడు కూడా. కాసులమ్మ కొత్త చీర కట్టుకుంది. చేతుల మీద చెరకాకు కోసిన గీతలు దాచుకోవాలని కొంగు కప్పుకుంది. ఆ గీతలు దాచుకోవలసినవి కావు తల్లీ అని నాకు చెప్పాలనిపించింది.

డప్పులు మోగాయి. నానాజీ వెళ్ళి పళ్ళెంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సత్తియ్య ఆ పళ్ళెం కింద ఆసరాగా పెట్టిన పీట తీశాడు.

బెల్లం కదల్లేదు.

నానాజీ కూర్చున్న పళ్ళెం పైనే ఉండిపోయింది. బెల్లం పళ్ళెం నేలకి అతుక్కుని కూర్చుంది. సత్తియ్య దండిని ఒకసారి తట్టి వదిలాడు. మళ్ళీ అంతే. డప్పులవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆపేశారు. వీడియో తీసేవాణ్ణి ఆపమని సైగ చేశాను, వాడు అది ఇంకా దగ్గరగా తీయమని అనుకున్నాడు.

ఒక్కసారిగా గుసగుసలు బయల్దేరాయి. దిమ్మల్లో తప్పుందేమోనన్నారు. సత్తియ్యకి రోషం వచ్చి ఆ ఐదూ తను పొద్దున్న తూచినవే అన్నాడు. నూకరాజు పరిగెత్తుకెళ్ళి నానాజీ గ్లవ్స్, బూట్లు, ట్రాక్ సూటు తెచ్చి వాడి ఒళ్ళో పడేశాడు. పళ్ళెం కొద్దిగా ఊగింది గానీ కిందికి దిగలేదు. ఒక దిమ్మ తీసేద్దామని నేనే చెయ్యి వేశాను. కాసులమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“తీకు బాబూ,” అంది. “బొట్టెట్టి అమ్మ పేరు సెప్పి పెట్టీసినాం. అది ఇంక ఆయమ్మది. మనం తగ్గితే మనమే నింపాల.”

ముందు మనిషిని కూర్చోబెట్టమని సత్తియ్య ఎందుకు అన్నాడో నాకప్పుడు అర్థమైంది. నా తొందర నానాజీ పరువుని గాల్లో వేలాడదీసింది. సాక్షాత్తూ గాల్లోనే.

ఫరూఖ్ స్తంభం వదిలి ముందుకొచ్చాడు. వాడు నవ్వడం లేదు, అది చూసి నాకు మరీ భయమేసింది. తక్కెడ చుట్టూ ఒకసారి తిరిగి, నానాజీ ఎదురుగా నిలబడ్డాడు. అరవై ఐదు కాదు కదా, అరవై కూడా లేవు కదరా అన్నాడు. నువ్వు వెల్టర్‌వి కాదు, నా బరువువాడివి అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు.

“రెండేళ్ళ కిందట ఇద్దరం ఒకటే బరువు. జిల్లా పోటీలకి నాలుగు రోజులుందనగా నువ్వు పైకి ఎల్లిపోయేవు. ఒళ్ళు పెరిగిందన్నావు. ఏదీ పెరిగిన ఒళ్ళు? ఇంతమందిలో అడుగుతన్నాను, ఎందుకు పారిపోయేవు?”

నానాజీ గ్లవ్స్ లేసులు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చున్నాడు. మాస్టారు కల్పించుకున్నాడు. ఆ సంగతి తనూ ఎన్నోసార్లు అడిగానని, ఎప్పుడడిగినా అక్కడే బాగుంది మాస్టారూ అనే తప్ప ఇంకో మాట చెప్పలేదని అన్నాడు. ఆయన గొంతులో కూడా అనుమానం ఉంది. గురువుకే అనుమానం వస్తే ఇంక ఊరి సంగతి ఏం చెప్పను? పారిపోయాడన్న మాట ఒక మూల నుంచి వినిపించింది. కాసులమ్మ ఒకసారి అటు తిరిగింది. కొడుకు నోరు విప్పితే చాలు అన్నట్టు వాడి వంకే చూసింది. వాడు విప్పలేదు. ఆ క్షణంలో వాణ్ణి లాగి చెంప మీద కొట్టాలనిపించింది నాకు. భయపడ్డావా, భయపడ్డానని చెప్పు. లేదా, లేదని చెప్పు. అలా దిమ్మలాగా కూర్చుంటే మేం ఏం చావాలి?

అప్పుడే షెడ్డు బయట ఆటో ఆగింది. దిగినది నాగూర్‌బీ, మాస్టారి భార్య, ఫరూఖ్ తల్లి. ఒక చేతిలో నాలుగు గిన్నెల కారియర్, ఇంకో చేతిలో నీళ్ళ సీసాలు. ఆయాసపడుతూ జనాన్ని తోసుకుని తక్కెడ దాకా వచ్చి, గాల్లో ఉన్న పళ్ళేన్ని చూసి నుదురు కొట్టుకుంది.

“తూకమంటే ముందు తినమని ఎప్పుడూ సెప్తాను కదా నాయనా. తూకం అని నిన్న తెలిస్తే నిన్నే వచ్చీదాన్ని,” అని కారియర్ మూత తీయబోయింది.

ఫరూఖ్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఇది పోటీ తూకం కాదు, గుడి మొక్కు, నీకేం పని ఇక్కడ అన్నాడు. నాగూర్‌బీ కొడుకు మొహం చూసింది, చుట్టూ జనాన్ని చూసింది, నానాజీని చూసింది. నానాజీ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నాకు అంతా కనిపిస్తోంది గానీ ఏమీ అర్థం కావడం లేదు.

“ఏటంటన్నారు ఈడిని?” అని ఆవిడ నన్నే అడిగింది. పారిపోయాడంటున్నారని చెప్పాను. దాచి లాభమేముంది.

ఆవిడ కారియర్ కింద పెట్టింది.

“ఆడినేటీ అనొద్దు. ఆడు పారిపోలేదు. నేను పొమ్మన్నాను.”

“అత్తా, సెప్పొద్దనుకున్నాం కదా,” అన్నాడు నానాజీ. పొద్దుటి నుంచి వాడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

నాగూర్‌బీ వినలేదు. “జిల్లా పోటీలకి ఇద్దరిదీ ఒకటే బరువు. ఎదురెదురు పడాల. సాయంత్రం షెడ్డులోంచి వచ్చేక ఇద్దరికీ కాపడం పెట్టేది నేనే కదా. రోజూ ఎవుడి మొగం వాచేదో నాకు తెలీదేటి? నా కొడుకు ఓడిపోతాడని తెలిసిపోనాది. వంటింట్లో ఈడికి అన్నం పెడతా అడిగేను, ఆ సోటు మా ఫరూఖ్‌కి ఒగ్గీరా నాయనా అని. ముద్ద కలుపుకుంటా తల ఊపేడు. ఎందుకని అడగనేదు.”

 

కారియర్ సంగతి కూడా ఆవిడే చెప్పింది. వెల్టర్‌వెయిట్‌లో ఆడాలంటే అరవై ఐదు లోపు ఉంటే చాలదు, అరవై దాటి ఉండాలి. నానాజీ ఒళ్ళు అరవై దాటదు. మిగతావాళ్ళు బరువు తగ్గడానికి మాడిపోతుంటే, వీడు బరువు పెరగడానికి తూకం నాడు పొద్దున్నే తిని, కడుపు ఉబ్బేలా నీళ్ళు తాగి కాటా ఎక్కేవాడు. ఆ అన్నం వండి పట్టుకెళ్ళి తినిపించింది ఈవిడే. తన మాట నిలబెట్టడం కోసం వాడు పడే అవస్థకి అంతకంటే ఏం చేయగలదు? ఇవాళ ఊరు మధ్యలో తూస్తారని తెలిసి, మళ్ళీ అదే కారియర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఐదారు కిలోలు తక్కువైన చోట నాలుగు గిన్నెల అన్నం ఏ మూలకి? తల్లి లెక్కలు అలాగే ఉంటాయి.

నేను ఆ చెక్క పళ్ళెంలో కూర్చున్న పలచటి మనిషిని అప్పుడు చూశాను. అప్పటిదాకా చూసింది నా ఫ్లెక్సీని. కింద పడగొట్టడం లేదంటే ఎలా పడగొడతాడయ్యా? వీడి ఎదట నిలబడ్డ ప్రతివాడూ పోటీ లేని రోజు వీడికంటే ఏడెనిమిది కిలోలు ఎక్కువ ఉండేవాడే. ఆ దున్నలు ఒక్క గుద్దు సరిగ్గా తగిలిస్తే వీడు లేవడు. అందుకే తగలనివ్వలేదు. నూకరాజు ఫోన్‌లో ఉన్న ఆ తల తిప్పుడూ ఆ కాళ్ళ కదలికా సోకు కోసం నేర్చుకున్నవి కావు, బతకడానికి నేర్చుకున్నవి. పిట్ట కొంచెం కూత ఘనం అని పెద్దలు ఊరికే అనలేదు. లేనిపోనిది ఎత్తి చూపిస్తున్నానని నన్ను కొందరు వెక్కిరించారు. నేను ఎత్తింది చాలలేదని ఇప్పుడు తెలిసింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. నూకరాజు అయితే వెక్కి వెక్కి ఏడుస్తూ పక్కవాణ్ణి కొడుతున్నాడు, ఇప్పుడు చెప్పరా, తగునా తగదా అని.

నాగూర్‌బీ కాసులమ్మ ముందుకెళ్ళి నిలబడింది. నీ కొడుకు నోటి దగ్గరది అడిగి తీసుకున్నాను, తిట్టాలంటే తిట్టు వదినా అంది.

 కాసులమ్మ చేతి మీది కొంగు ఎప్పుడో జారిపోయింది.

“తిట్టడం ఏటి వదినా. ఆడికి నేను అన్నం పెట్టలేని రోజుల్లో నువ్వు పెట్టేవు. పెట్టినోళ్ళు అడిగితే లేదనకుండా ఇచ్చేడు,” అంది. ఆ తర్వాత జనం వైపు తిరిగి, అందరికీ వినిపించేలా, “ఆడు నా కొడుకు,” అంది.

ఇన్నేళ్ళుగా ఎన్ని ఫ్లెక్సీలు కొట్టానో, ఆ ఒక్క మాటకి సరితూగేది ఒక్కటీ రాయలేదు నేను.

ఫరూఖ్ మాత్రం కదలకుండా అక్కడే ఉన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను. రెండేళ్ళుగా మెడలో వేసుకు తిరిగిన పతకం ఎవరో పక్కకి తప్పుకుంటే వచ్చిందని ఊరందరి ముందూ కన్నతల్లే చెప్పింది. ఇంకొకడైతే గోడ దూకి పోయేవాడు. వీడు ఒక్క అడుగు ముందుకేసి, నానాజీ కూర్చున్న పళ్ళెం అంచు మీద రెండు చేతులూ వేశాడు.

“అత్తా,” అన్నాడు కాసులమ్మతో, “ఈ తక్కువ నా వల్ల వచ్చింది. నేనే సరిపెడతాను.”

నెమ్మదిగా కిందికి నొక్కాడు. బెల్లం నేల విడిచి లేచింది. వాడి ముంజేతుల నరాలు తేలాయి. కాసులమ్మ సత్తియ్య వైపు చూసింది. సత్తియ్య కళ్ళు చిన్నవి చేసి ముల్లు చూసి, సరి అన్నాడు. కాసులమ్మ కొబ్బరికాయ కొట్టింది. డప్పులు అదిరిపోయాయి. నేను వీడియో వాణ్ణి చూశాను, ఆ వెధవ ఏడుస్తూ తీస్తున్నాడు.

డప్పులు ఆగినా ఫరూఖ్ చేతులు తీయలేదు.

“ఎంట్రీలు ఈ సాయంత్రం దాకా తీసుకుంటారు,” అన్నాడు నానాజీతో. “ఆదివారం నా బరువులో పేరియ్యి. నువ్వూ నేనూ. నెగ్గినోడు ఎల్తాడు.”

అత్తకి మాటిచ్చాను అన్నాడు నానాజీ. ఆ మాట నాకు తిరిగిచ్చెయ్యి నాయనా అంది నాగూర్‌బీ, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. నానాజీ పళ్ళెంలోంచి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే ఎత్తు. ఎదురెదురుగా ఉంటే తప్ప నేనది ఎప్పుడూ గమనించలేదు.

“షెడ్డులో నీ మీద సగం చెయ్యే ఏసీవోణ్ణి బావా,” అన్నాడు నానాజీ మెల్లగా. “ఆదివారం అలగ ఏయను.”

“నాకు తెలుసు,” అన్నాడు ఫరూఖ్. “ఇప్పుడే తెలిసింది. నేనూ ఇన్నాళ్ళు సగమే నేర్సుకున్నాను.”

గొప్పవాళ్ళురా అనుకున్నాను. కానీ అప్పుడే నా కళ్ళు సుభాని మాస్టారి మీద పడ్డాయి. ఆయన భుజం మీది తువ్వాలు రెండు చేతులతో పిండుతూ నిలబడ్డాడు. ఒకే రింగులో ఇద్దరు శిష్యులు. ఒకడు కన్నవాడు, ఒకడు పెంచినవాడు. రౌండుకీ రౌండుకీ మధ్య మూలలో స్టూలు వేసి, మొహం తుడిచి, ఎదుటివాణ్ణి ఎక్కడ కొట్టాలో చెవిలో చెప్పవలసింది గురువే. మూలలు రెండు, గురువు ఒక్కడు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అందరి మొహాల్లోనూ అదే ఉంది.

ఫరూఖ్ తండ్రి దగ్గరికెళ్ళాడు. ఆ తువ్వాలు ఆయన చేతుల్లోంచి తీసి, మడత పెట్టి, నానాజీ భుజం మీద వేశాడు. నువ్వు వాడి మూలలో ఉండు నాన్నా, వాడికి ఇన్నాళ్ళూ అన్యాయం జరిగింది అన్నాడు.  మరి నీ మూలలో ఎవరురా అని నేనే అడిగాను. ఎవరో ఒకరు అడగాలి కదా.

వాడు తల్లి వైపు తిరిగాడు. నాగూర్‌బీ ఏనాడూ కొడుకు ఆట చూడలేదు. స్టేడియం దాకా వస్తుంది, గంట కొట్టగానే కళ్ళు గట్టిగా మూసుకుని దువా చదువుకుంటుంది, అయిపోయిందని ఎవరైనా చెప్పాకే తెరుస్తుంది.

“నా మూలకి అమ్మ వత్తాది,” అన్నాడు ఫరూఖ్. “నేను గెలవలేననుకున్నాది కదా. దగ్గరుండి సూడమను.”

మూలలో నిలబడే వాళ్ళకి బాక్సింగ్ సంఘం వాళ్ళ కార్డు ఉండాలని నాకు తెలుసు, మాస్టారికీ తెలుసు. అది సాయంత్రం లోగా ఎలా సంపాదిస్తామో మా ఇద్దరికీ తెలియదు. అయినా ఆ మాట ఎత్తే ధైర్యం ఆ షెడ్డులో ఎవరికీ లేకపోయింది. నాగూర్‌బీ కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఎడమ కనుబొమ మీద పాత దెబ్బ మచ్చని బొటనవేలితో ఒకసారి తడిమింది. అది నానాజీ కొట్టినదేనని తల్లికీ, కొడుకుకీ, నానాజీకీ తెలుసు.

“వత్తాను,” అంది. “ఈసారి కళ్ళు ముయ్యను.”